ఆడవాళ్ళ చదువుగది

సర్టిఫికెట్టు లేకుండా తిరిగొస్తే పుస్తకాల సంచి ఆతిర చేతికి పోతుందని రాఘవేట్టన్ ప్రజితకి ముందే చెప్పి పంపాడు. కోపంగా చెప్పలేదు. ఆయన ఎవరిమీదా కోప్పడే మనిషి కాదు. తాళిక్కున్ను గ్రంథాలయానికి ఎన్నో ఏళ్ళుగా కార్యదర్శి. ప్రజిత పెళ్ళయి ఆ ఊరికొచ్చిన కొత్తలో ఆమెను పిలిచి పనిచ్చిందీ ఆయనే. పైనుంచి ఉత్తర్వు వచ్చిందనీ, ఇకమీద శిక్షణ పొందినవాళ్ళే ఇంటింటికీ పుస్తకాలు తీసుకెళ్ళాలనీ, ఊళ్ళోని పిల్ల ఆతిర డిగ్రీ పాసయి ఇంట్లో ఖాళీగా ఉందనీ, కమిటీలో తలా ఒక మాట అంటున్నారనీ నేల చూపులు చూస్తూ చెప్పాడు. మూడు రోజులు ఓర్చుకో, ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టు, ఆ తర్వాత ఎవరు నోరెత్తుతారో నేను చూసుకుంటాను అన్నాడు.

ఓర్చుకోవలసింది మూడు రోజుల పాఠాలైతే ప్రజితకి బెంగ లేదు. ఇంటి దగ్గర ఇంకా పళ్ళయినా రాని కొడుకు ఉన్నాడు. వాణ్ణి వదిలి ఒక్క పూటయినా ఉన్నది లేదు. భర్త విజేష్ మంగుళూరులో తాపీపని చేస్తాడు, ఆదివారాలు వస్తాడు. అత్తగారు కల్యాణి మంచిదే, కానీ బీడీలు చుడుతూ బతికిన మనిషి. చేతులు ఆడినంత వేగంగా నోరు ఆడదు. ఆ ఇంట్లో పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా ఎన్ని మాటలు వినపడతాయో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అందుకే ప్రజితకి సంచి భుజాన వేసుకుని గుట్ట దిగే రోజులంటే ప్రాణం. ఏ వాకిట్లోకి వెళ్ళినా, వచ్చావా, ఇవాళ ఏం తెచ్చావు అంటారు. పోయినసారి ఇచ్చిన నవలలో ఆ పిల్ల చివరికి అలా ఎందుకు చేసిందని అడుగుతారు. డిగ్రీ మొదటి ఏడాది మధ్యలో పెళ్ళయి చదువు ఆగిపోయిన మనిషిని, ఏదో తెలిసిన మనిషిగా చూసేది ఆ వాకిళ్ళలోనే. సంచి పోవడమంటే ఆ వాకిళ్ళన్నీ పోవడమే.

కన్నూరులో శిక్షణ శిబిరం. జిల్లాలోని పల్లె గ్రంథాలయాలన్నిటి నుంచీ వచ్చారు. శిబిరం నడిపేది నాణు మాష్, అంటే నాణు మాస్టారు. బడి పంతులుగా రిటైరైనా చేతిలో బెత్తం ఉన్నట్టే మాట్లాడతాడు. ప్రతి క్లాసుకీ సంతకం చెయ్యాలనీ, క్లాసు మధ్యలో లేచిపోయినవాళ్ళకి కాగితం రాదనీ మొదటిరోజు పొద్దున్నే చెప్పాడు. ఉత్తమాటకి చెప్పాడేమో అనుకున్నారు అందరూ. ఆ సాయంత్రం కొండప్రాంతం నుంచి వచ్చిన ఒకాయన ఫోను పట్టుకుని బయటికెళ్ళి, వక్కల ధర మాట్లాడుకుని తీరిగ్గా తిరిగొచ్చాడు. మాష్ ఆయన పేరు మైకులో చదివి, మీ సంతకం కొట్టేశాను, ఉండాలనుకుంటే ఉండి వినండి, కాగితం మాత్రం అడక్కండి అన్నాడు. ప్రజిత ఒళ్ళో చేతులు బిగించుకుంది.

ఆడవాళ్ళలో చాలామంది ఇదివరకు ఏవో సభల్లో కలిసినవాళ్ళే. గుంపులుగా కూర్చున్నారు, గుంపులుగా తిన్నారు. హాస్టలు గదిలో ప్రజితకి జతపడింది లిస్సి చేచి, ఇరిట్టి వైపు మనిషి, ప్రజితకి అక్క వయసుది. నవ్వుముఖమే, కానీ గదిలో అడుగు పెట్టింది మొదలు ఫోను చెవి నుంచి దించలేదు. పెద్దదాని లెక్కల పరీక్ష, చిన్నవాడి జలుబు, మేకకి పచ్చగడ్డి, అన్నీ ఫోనులోనే నడిపింది. మధ్యలో ఒకసారి ప్రజితవైపు తిరిగి, లైటు ఆర్పమంటావా అని అడిగింది. మొదటిరోజు ప్రజితతో ఎవరైనా అన్న పెద్ద మాట అదే.

రెండోరోజు పర్యటన. పట్టణంలో విజ్ఞానదాయిని గ్రంథాలయమని పాత పెద్ద కట్టడం ఉంది. అందరినీ బస్సులో అక్కడికి తీసుకెళ్ళారు. ముందు మేడమీద హాల్లో కంప్యూటర్ల గురించి పాఠం, తర్వాత గదులన్నీ తిప్పి చూపిస్తారు, ఆ తర్వాత భోజనం. ప్రజిత చివరి వరసలో కూర్చుంది. పొద్దున హాస్టలు స్నానాల గదిలో పాలు పిండుకుని వచ్చింది కాబట్టి మధ్యాహ్నందాకా పర్వాలేదనుకుంది. కానీ తెర మీద బొమ్మలు మారుతుండగానే రొమ్ములు రాళ్ళు కట్టినట్టయ్యాయి. ఎవరిదో ఫోనులో చిన్నపిల్లాడి నవ్వు వినబడింది, గంటకి బదులు అది పెట్టుకున్నారు కాబోలు. అంతే, కమీజు తడిసిపోయింది. చున్నీ ముందుకి లాక్కుంది. చున్నీకీ తడి అంటింది.

కాసేపు పళ్ళు బిగబట్టి చూసింది. పక్కన కుర్చీ ఖాళీ, ఆ పక్కది కూడా ఖాళీ. ఎవరి చెవిలోనైనా వేసి వెళ్ళాలన్నా మనిషి లేదు. మాష్ ముందు వరసలో వీపు చూపి కూర్చున్నాడు. ఇప్పుడే వచ్చేస్తాను, చూడడు అని మనసుకి చెప్పుకుని, చెప్పులు చప్పుడవకుండా మెట్లు దిగింది.

కింద ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి ఎక్కడుంటుందో చెప్పడానికి ఎవరూ లేరు. వసారా వెంట నడిచింది. పేపర్లు చదువుకునే చోట మగవాళ్ళు, ఇంకో గదిలో ఎవరో మెట్ల బల్ల ఎక్కి బూజు దులుపుతున్నాడు. కట్టడం వెనకవైపు, బావికి ఎదురుగా ఒక తలుపు దగ్గరగా వేసి ఉంది. పైన రంగు వెలిసిన చెక్కమీద ఆడవాళ్ళ చదువుగది అని రాసి ఉంది.

తోసి చూస్తే లోపల ఎవరూ లేరు. అలాగని ఖాళీగా ఉన్నట్టూ లేదు. పొడుగు బల్లల మీద పుస్తకాలు తెరిచి ఉన్నాయి. ఒకటి బోర్లా పెట్టి ఉంది. ఒకదానిలో బస్సు టికెట్టు గుర్తుగా ఉంది. ఒక కుర్చీ వెనక్కి జరిపి ఉంది. చదువుకుంటున్నవాళ్ళంతా ఎవరో పిలిస్తే ఒక్కసారి లేచి బయటికెళ్ళినట్టుంది. వాళ్ళు వచ్చేలోపల అయిపోవాలని ప్రజిత తలుపు గడియ పెట్టుకుంది. గట్టి ఇత్తడి గడియ. అది పడిన చప్పుడుకే ఆమెకి సగం ప్రాణం లేచొచ్చింది.

మూల మంచినీళ్ళ కుండ పక్కనున్న స్టీలు గ్లాసు తీసుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుని పాలు పిండుకుంది. గ్లాసు నిండిన కొద్దీ బయట చేమమొక్కల పాదులో పోసింది. వెచ్చటి వాసనకి కొడుకు మెడ కింద మడత గుర్తొచ్చింది. ఇప్పుడు ఏం చేస్తున్నాడో. ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడేమో. అత్తగారి ఒళ్ళో పొగాకు వాసనకి ముఖం తిప్పుకున్నాడేమో. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. తలుపు మూసి ఉంది కదా అని కాసేపు ఏడ్చింది.

గ్లాసు కడిగి బోర్లించాక వెంటనే మేడెక్కి ఉంటే సరిపోయేది. కానీ ఆమె చెయ్యి ఊరుకోలేదు. తాళిక్కున్నులో రాఘవేట్టన్ మొట్టమొదట నేర్పిన పని అది. బల్లమీద పుస్తకం పడుకుని ఉండకూడదు. అక్కడ రేకుల్లోంచి వాన కారుతుంది, రాత్రికి రాత్రి చెదలు ఎక్కుతాయి. చదివినవాడు లేచాడంటే పుస్తకం బీరువాలోకి పోవలసిందే. ఏ పుస్తకం తెరిచి పడి ఉన్నా, ఉయ్యాల్లోంచి పిల్లాడి కాలు బయటికి వేలాడుతున్నట్టే ఉంటుంది ఆమె కంటికి. ఒకటి తీసి వీపుమీద అంకె చూసి అరలో పెట్టింది. పెడుతుంటే ఊపిరి నెమ్మదించింది. రెండోది పెట్టింది. బల్లలన్నీ ఖాళీ చేసింది. కుర్చీలు వరసగా లోపలికి తోసింది. బస్సు టికెట్టు మాత్రం ఎవరిదో అని బల్లమీదే ఉంచింది. రెండు రోజుల్లో ఆమెకి చేతనైన పని దొరికింది అదొక్కటే.

గడియ తీసేసరికి ఎదురుగా ఒక ఆవిడ టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, తలమీద తెల్లటి ముసుగు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. ఆవిడ ప్రజితని కాదు, ప్రజిత భుజం మీదుగా బల్లల్ని చూసింది.

"పుస్తకాలేవి?" అంది.

"అన్నీ సర్దేశాను ఇత్తా" అంది ప్రజిత, ముస్లిం ఇళ్ళలో అక్కని పిలిచినట్టు పిలుస్తూ. మెచ్చుకుంటుందేమోనన్న ఆశ గొంతులో దాగలేదు.

ఆవిడ లోపలికొచ్చి టీ గ్లాసు బల్లమీద పెట్టి, ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. పేరు సుహరా, ఆ గది చూసుకునేది ఆవిడే. "నిన్నెవరు సర్దమన్నారు తల్లీ?" అంది, గొంతు పెంచకుండానే. "నువ్వు లైబ్రరీలో పనిచేసేదానివేగా? చదివిన పుస్తకం బల్లమీదే వదలాలని మీ ఊళ్ళో చెప్పరా?"

చెప్పరు. తాళిక్కున్నులో చెప్పేది దీనికి సరిగ్గా ఎదురు. కానీ పెద్ద గ్రంథాలయాల్లో పద్ధతి ఇదని సుహరా విడమరిచి చెప్పింది. ఇక్కడే కూర్చుని చదివినదానికి సంతకాలుండవు. సాయంత్రం బల్లలమీద మిగిలిన పుస్తకాల్ని బట్టే ఆ రోజు గదిలో చదువు జరిగిందో లేదో తెలుస్తుంది. బల్లలు బోసిగా ఉన్నాయంటే ఎవరూ రానట్టే.

ప్రజిత బోసిగా ఉన్న బల్లలవైపు చూసుకుంది. చదువుతున్నవాళ్ళు తిరిగొస్తే క్షమించమని తనే అడుగుతానంది. ఎవరు ఏది చదువుతున్నారో చెబితే తీసిస్తానంది.

సుహరా పొడిగా నవ్వింది. "ఎవరొస్తారు పిల్లా? పొద్దున్నే వచ్చి నేనే పెట్టాను. ఆ టికెట్టు కూడా నాదే."

ఆ తర్వాత టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పుకుపోయింది. ఒకప్పుడు రాత్రి డ్యూటీ దిగిన నర్సులు వచ్చేవాళ్ళట. బస్సు ఆలస్యమైన కాలేజీ పిల్లలు, మొగుళ్ళతో పోట్లాడి వచ్చిన టీచరమ్మలు కూడా. కూర్చోడానికి చోటుండేది కాదు. ఇప్పుడు వారానికి ఒకరొస్తే గొప్ప. ప్రెసిడెంటుగారు ఈ గోడ పడగొట్టి గదిని పక్కనున్న కంప్యూటర్ హాల్లో కలపాలంటున్నారు. ఇవాళ మిమ్మల్నందరినీ వెంటేసుకొచ్చి గోడ ఎక్కడ తీస్తారో చూపిస్తారట. గది పోతే సుహరాని అట్టలు అంటించే కొట్లోకి పంపుతారు, రిటైరయ్యేదాకా అక్కడే. ఒక్కపూట, ఆయన వచ్చే వేళకి, గదిలో మనుషులున్న జాడ కనపడితే చాలనుకుని పుస్తకాలు పరిచింది. మోసమే, కాదనడం లేదు అంది.

"మళ్ళీ పెట్టేద్దాం ఇత్తా, ఇద్దరం చేస్తే ఎంతసేపు" అంటూ ప్రజిత అరవైపు నడిచింది. రెండు పుస్తకాలు చేతిలోకి తీసిందో లేదో వసారాలో అడుగుల చప్పుడు. మేడమీద తెర పాడయిందట, పాఠం ముందే ఆపేశారు. తలుపు రెండు రెక్కలూ తెరుచుకుని, ముందు ప్రెసిడెంటు ప్రభాకరన్ వకీలు, వెనక నాణు మాష్, ఆ వెనక శిబిరం మొత్తం లోపలికి వచ్చేశారు.

ఆడవాళ్ళు గదంతా పరుచుకున్నారు. ప్రజిత చేతిలో పుస్తకాలు చప్పున అరలో దోపి గుంపులో కలిసింది. ఎవరూ పట్టించుకోలేదు. లిస్సి చేచి కూడా ఆమెను చూసి, ఉక్కగా ఉంది కదూ అని విసురుకుంది. అంటే అందరితోపాటే మెట్లు దిగిందనుకున్నారు. మాష్ కళ్ళు ఒకసారి ఆమెమీదుగా వెళ్ళాయి కానీ ఆగలేదు. నిన్నటినుంచి ఎవరి కంటికీ ఆనకపోవడం మొదటిసారి కలిసొచ్చింది. సంతకం పొద్దున్నే చేసేసింది. నోరు మూసుకుని ఉంటే కాగితం చేతికొచ్చినట్టే.

ప్రెసిడెంటు బల్లలమీద చెయ్యి రాసి చూపించాడు. చమత్కారంగా మాట్లాడే మనిషి. ఇంత పెద్ద గది, ఇన్ని కుర్చీలు, పొద్దున్నుంచీ ఒక్క పుస్తకం కదలలేదు చూడండి, ఇక్కడ పేజీలు తిప్పేది ఫ్యాను ఒక్కటే అన్నాడు. నవ్వారు. ఆడవాళ్ళు కూడా నవ్వారు. ఇక్కడ చదువు జరగడం లేదని మన సుహరాకి తెలియదా, అడగండి, ఆవిడే చెబుతుంది అన్నాడు. సుహరా కళ్ళజోడు తీసి ముసుగు కొంగుతో తుడుచుకుంటోంది. పుస్తకాలు ఉన్నాయని చెబితే ఎవరు పెట్టారంటారు. లేవంటే ఆయన మాటే నిజమవుతుంది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తోంది.

ప్రజితకి తర్వాత ఎంత ఆలోచించినా అప్పుడు నోరెందుకు తెరిచిందో తెలియలేదు. ధైర్యం మాత్రం కాదు.

"బల్లలమీద పుస్తకాలున్నాయండీ. నేనే తీసి లోపల పెట్టాను" అంది.

గుంపు పక్కకి జరిగి ఆమె చుట్టూ చోటు చేసింది. ప్రెసిడెంటు ఎప్పుడని అడిగాడు. పైన పాఠం జరుగుతున్నప్పుడు అంది. నాణు మాష్ కనుబొమలు ముడిపడ్డాయి. ఏ ఊరమ్మాయివి నువ్వు, పాఠం వదిలి ఇక్కడికెందుకు వచ్చావు అన్నాడు. కడుపునొప్పి అనో తలనొప్పి అనో చెప్పవచ్చు. ఆ మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ సుహరా తుడవడం ఆపి తననే చూస్తోంది.

"పాలు పిండుకోడానికొచ్చాను మాష్. ఇంటి దగ్గర పసివాడున్నాడు. కింద మరుగుదొడ్డికి తాళం వేసుంది. ఈ కట్టడం మొత్తంలో ఆడమనిషి తలుపేసుకుని కూర్చోడానికి నాకు దొరికింది ఈ గదొక్కటే."

మగవాళ్ళు పైకప్పు దూలాల్ని పరిశీలించారు. ఆడవాళ్ళలో ఒకావిడ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ప్రెసిడెంటు గొంతు సవరించుకుని, సరే సరే, అది సరే, చదువుకునేవాళ్ళు ఎవరైనా కనపడ్డారా అని అడిగాడు. ప్రజిత సుహరా వైపు చూడలేదు. చూస్తే అబద్ధం చెప్పేస్తానని భయం.

"నేనొక్కదాన్నే ఉన్నానండీ" అంది.

ఆయన ఇంకేదో చమత్కారం వెతుక్కున్నాడు, దొరకలేదు. ఈ గది సంగతి కమిటీలో మళ్ళీ మాట్లాడదాంలే అని గొణిగి, పక్కన పాత పత్రికల గది చూద్దాం పదండి అంటూ బయటికి నడిచాడు. గోడ ఎక్కడ తీస్తారో చూపించలేదు. గుంపు ఆయన వెంట కదిలింది. మాష్ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, సాయంత్రం నన్ను కలువమ్మా అని వెళ్ళిపోయాడు.

గదిలో ఇద్దరూ మిగిలారు. సుహరా కృతజ్ఞత చెబుతుందని కాదు కానీ, ఏదో ఒకటి అంటుందని ప్రజిత చూసింది.

"నిన్నెవరు అడిగారు?" అంది సుహరా. "గుంపులో నిలబడితే నీ పని నీకు జరిగిపోయేది కదా. అంతమంది మగాళ్ళలో ఆ మాటేమిటి?"

నిన్నటినుంచి నాతో మాట్లాడిన మనిషివి నువ్వొక్కదానివే ఇత్తా అని చెప్పాలనిపించింది. చెబితే ముష్టి ఎత్తినట్టుంటుందనిపించి ఊరుకుంది. సుహరా చల్లారిన టీ సగం స్టీలు గ్లాసులో పోసి ఆమె వైపు తోసింది. ఇద్దరూ తాగారు. రేపు కూడా ఇటే వస్తారా అని సుహరా అడిగింది. లేదు, రేపు హాస్టల్లోనే అంది ప్రజిత. ఊఁ అని, గ్లాసులు కడగడానికి లేచింది సుహరా. భోజనాల గంట మోగింది.

సాయంత్రం నాణు మాష్ హాస్టలు వసారాలో అరటిపండు బజ్జీ తుంపుతూ, తినకుండా, చాలాసేపు మాట్లాడాడు. నాకూ కూతుళ్ళున్నారమ్మా, నీ ఇబ్బంది అర్థం కాక కాదు అన్నాడు. ముందే ఒక మాట చెవిన వేసుంటే దారి చూసేవాణ్ణి. నిన్న ఆ వక్కలాయన పేరు అందరి ముందూ కొట్టేశాను, ఇవాళ నువ్వే నీ నోటితో అందరి ముందూ పాఠంలో లేనన్నావు. ఇప్పుడు నీకు కాగితమిస్తే ఆయన ముఖం నేనెలా చూడను. వచ్చే ఏడు శిబిరానికి పిల్లాణ్ణి కూడా తెచ్చుకో, చంటిపిల్లల తల్లులకి వేరే గది ఏర్పాటు చేస్తాను, మాట ఇస్తున్నాను అన్నాడు. వచ్చే ఏటికి తన భుజాన సంచి ఉండదని ప్రజిత చెప్పలేదు. సరే మాష్ అంది. మీ కార్యదర్శితో కావాలంటే మాట్లాడతానన్నాడు. వద్దులెండి అంది. రాఘవేట్టన్ కోప్పడడు. నేల చూపులు చూస్తాడు, అంతే.

ఇంటికి ఫోను చేసింది. కల్యాణి ఎప్పుడూ లేనిది నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడింది. వాడు రాగిజావ తాగాడట, మధ్యాహ్నం నిద్రపోయాడట, లేచి పిల్లితో ఆడుకుంటున్నాడట.

"నీకోసం వెతుక్కోలేదులే, బెంగపడకు. నిదానంగా అన్నీ ముగించుకునే రా" అంది.

ధైర్యం చెప్పాలనే అంది పాపం. ప్రజిత ఫోను పెట్టేసి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. పొద్దున్నుంచీ వాడు ఏడుస్తున్నాడని గుండె పీక్కుపోయింది. ఇప్పుడు ఏడవలేదంటే అదీ గుండెల్లో కలుక్కుమంది.

లిస్సి చేచి ఆ రోజు ఫోను పక్కన పెట్టి ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "అంత మాట అంతమందిలో ఎలా అన్నావే? నేనైతే భూమిలోకి కూరుకుపోయేదాన్ని" అంది. నా చెవిలో వేసుంటే ఎలాగోలా సర్దేదాన్ని కదా అని కూడా అంది. తన మొదటి కాన్పు అప్పుడు ఎంత ఇబ్బంది పడిందో చెప్పబోయింది. ఇంతలో ఫోను మోగింది. భోజనాల దగ్గర ఆడవాళ్ళు ప్రజిత వచ్చాక మాట మార్చారు. ఆమెకి ముందుకంటే ఎక్కువ చోటు వదిలి కూర్చున్నారు. నిన్న ఎవరో తెలియక మాట్లాడలేదు, ఇవాళ తెలిసి మాట్లాడలేదు.

మూడోరోజు పొద్దున సంచి సర్దుకుంది. మొదటి బస్సుకి వెళ్ళిపోతే మధ్యాహ్నానికి కొడుకు ఒళ్ళో ఉంటాడు. అడ్డుపడేవాళ్ళు లేరు. ఉండమనేవాళ్ళూ లేరు. గేటు దాకా నడిచింది. లోపల నుంచి మైకులో ఎవరో ఆడగొంతు, పాఠకులు తమంతట తాము అడగని పుస్తకాన్ని వాళ్ళ చేతికి ఎలా అందించాలి అన్న దానిమీద ఇవాళ మాట్లాడుకుందాం అంటోంది. ప్రజిత ఆగింది. గుట్ట కింద ఇంట్లో ఒక ముసలావిడ ఉంది, చావులున్న కథ వద్దు, పెళ్ళిళ్ళున్న కథ వద్దు, ఇంకేముందో అది ఇవ్వు అంటుంది. ఆవిడకి ఏమివ్వాలో ప్రజితకి ఇంతవరకూ తెలియలేదు. వెనక్కి తిరిగి వచ్చి చివరి వరసలో కూర్చుంది.

పాఠం బాగుంది. చెప్పినామె కోళిక్కోడు నుంచి వచ్చింది, చేతిలో కాగితం లేకుండా మాట్లాడింది. ప్రజితకి ప్రతి మాటా ఏదో ఒక వాకిట్లోకి దారి తీసింది. కాలేజీలో ఆగిపోయిన చోటు నుంచి ఎవరో మళ్ళీ మొదలుపెట్టినట్టనిపించింది. మధ్యలో సంతకాల కాగితం వరసల్లో చేతులు మారుతూ వచ్చింది. ఇటుపక్కనున్న అమ్మాయి సంతకం చేసి, ప్రజిత ఒడి మీదుగా చెయ్యి చాచి అటుపక్కనున్నావిడకి అందించింది. మొరటుగా ఏమీ కాదు. కాగితం తగలకుండా కొంచెం పైకెత్తి, జాగ్రత్తగానే అందించింది.

మధ్యాహ్నం పేర్లు పిలిచారు. ఒక్కొక్కరే వెళ్ళి సర్టిఫికెట్టు అందుకుని వస్తుంటే ప్రజిత అందరికీ చప్పట్లు కొట్టింది. లిస్సి చేచికి కాస్త ఎక్కువే కొట్టింది. ప అక్షరం పేర్లు వచ్చినప్పుడు మాత్రం చేతులు ఒళ్ళోకి దిగాయి. ఏమో, మాష్ మనసు మార్చుకున్నాడేమో అన్న పిచ్చి ఆశ. ప్రసీత అని పిలిచారు. ఎవరో బొద్దుగా ఉన్నావిడ లేచింది. వక్కలాయన పొద్దున్నే వెళ్ళిపోయినట్టున్నాడు, ఎక్కడా కనపడలేదు.

తర్వాత అందరూ హాలు మెట్లమీద ఫోటోకి నిలబడ్డారు. పొట్టివాళ్ళు ముందుకి, పొడుగువాళ్ళు వెనక్కి. ఫోటోలు తీసే కుర్రాడు భోజనానికి వెళ్ళాడట. నాణు మాష్ తన ఫోను చేత్తో పట్టుకుని, ఎవరైనా ఖాళీగా ఉన్నవాళ్ళు ఒక్కటి తీయండమ్మా అన్నాడు. అన్నాక ఆయనకి తట్టింది. నాలుక కరుచుకున్నాడు. కానీ అప్పటికే ప్రజిత కిందనుంచి చెయ్యి చాపింది. ఖాళీగా ఉన్నది ఆమె ఒక్కతే.

ఫోను పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేసింది. అందరూ సర్టిఫికెట్లు గుండెల దగ్గర ఎత్తి పట్టుకున్నారు. ఒక చివర లిస్సి చేచి సగం తెగిపోతోంది.

"చేచీ, కాస్త లోపలికి జరగండి. మాష్, మీరు నవ్వాలి" అంది ప్రజిత.

వాళ్ళు జరిగారు. మాష్ నవ్వాడు. మూడు రోజుల్లో మొదటిసారి అంతమందీ ఒకేసారి ఆమె ముఖంలోకి చూస్తున్నారు. ఆమె మీట నొక్కింది. ఫోటో బాగానే వచ్చింది. ఎవరి ముఖమూ చెదరలేదు, ఎవరి రెప్పా వాలలేదు.

"కదలకండి" అంది. "ఎవరో కళ్ళు మూసుకున్నారు, ఇంకొకటి తీస్తాను."

వాళ్ళు కదలకుండా, ఆమెవైపే చూస్తూ నిలబడ్డారు.